టైపు చేయనిచ్చి, సేవ్ చేయనివ్వదేం?

ప్రశ్న: సార్, అనకాపల్లి దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. వార్షిక నివేదిక పూర్తిచేయమని మా ప్రిన్సిపాల్ గారు వర్డ్ ఫైలు మెయిల్ చేశారు. అవుట్‌లుక్‌లోనే దానిమీద డబుల్ క్లిక్ చేసి తెరిచాను. పైన పసుపు పట్టీ వస్తే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కాను. మూడు గంటలు కూర్చుని ఫలితాల పట్టికలతో సహా 14 పేజీలు కొట్టాను. సేవ్ చేయబోతే 'రీడ్ ఓన్లీ' అని ఏదో చెప్పి ఇంకో విండో తెరిచింది. కంగారులో కనబడిన ఓకే, సేవ్ అన్నీ నొక్కేసి మూసేశాను. మళ్లీ మెయిల్లోంచి తెరిస్తే పాత ఫైలే ఉంది! ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు తీసేయమని మా కొలీగ్ చెప్పారు. చూస్తే అక్కడ అసలు టిక్కే లేదు. సరే అని మర్నాడు షేర్డ్ ఫోల్డర్లో ఉన్న ఇంకో కాపీలో మళ్లీ మొదలుపెట్టాను, సాయంత్రం కరెంటు పోయింది. వచ్చాక తెరిస్తే 'యూజర్' అనే వాళ్లెవరో దాన్ని వాడుతున్నారు, లాక్ అయింది అంటోంది. మా ఆఫీసులో ఆ పేరుతో ఎవరూ లేరు. సేవ్ చేయనివ్వని దానికి టైపు చేయనివ్వడం ఎందుకు? మొదట్లోనే ఆపి ఉంటే నా మూడు గంటలు మిగిలేవి కదా. తప్పు నాదా, దానిదా?

సమాధానం: తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం. ముందు మీ 14 పేజీలు వెతుకుదాం. అవి పోయి ఉండకపోవచ్చు.

మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట ఒకటుంది. 'ఓకే, సేవ్ నొక్కేసి' అన్నారు. 'డోంట్ సేవ్' నొక్కలేదు. అంటే వర్డ్ ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది, కాకపోతే మీరు చూడని చోట. కాబట్టి మెయిల్ జోలికి పోకండి. మెయిల్లో ఉన్నది ప్రిన్సిపాల్ గారు పంపిన కాపీ. మీరెన్ని పేజీలు కొట్టినా అది మారదు. వర్డ్ మాత్రం తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్, అందులో రీసెంట్ చూడండి. ఈమధ్య ముట్టుకున్న ఫైళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కోదాని పేరు కింద అది ఏ ఫోల్డర్లో ఉందో సన్నక్షరాల్లో ఉంటుంది. ఆ వరుసలో మీ నివేదిక పేరు రెండుసార్లు కనిపించినా, పేరు చివర బ్రాకెట్లలో 002 అని తగిలించి ఉన్నా, దాన్ని తెరవండి. ఆ 002 మీరు రాసింది కాదు, ప్రిన్సిపాల్ గారు పెట్టిందీ కాదు. అటాచ్‌మెంట్‌ని తెరిచేటప్పుడు అవుట్‌లుక్ తగిలించే తోక అది. ఆఫీసుల్లో 'ఈ 002 ఫైలు ఎవరు చేశార్రా' అని జరిగే గొడవల్లో సగం దీనివల్లే.

అక్కడ కనబడకపోతే ఫైల్ మెనూలోనే ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ అని వెళ్లండి. మామూలుగా వర్డ్ పది నిమిషాలకోసారి తన కోసం ఒక కాపీ రాసుకుంటుంది. సేవ్ కాకుండా మూసేసిన ఫైలు అందులో దొరకొచ్చు. కానీ వాటిని కొద్దిరోజులే ఉంచుతుంది. అందుకే ఈ సమాధానం మిగతా భాగం తర్వాత చదవొచ్చు, ముందు ఆ పని చూడండి.

దొరికిందా? సరే, ఇప్పుడు అసలు సంగతి.

మీకు రెండు రోజుల్లో రెండుసార్లు అడ్డం పడింది ఒకే జబ్బు కాదు. 'రీడ్ ఓన్లీ', అంటే 'చదువుకో, ఇందులో రాయకు' అన్న మాట ఒకటే, దాన్ని అనేవాళ్లు మాత్రం నాలుగైదు రకాలు. ఫైలు అనొచ్చు, ఫైలు ఉన్న చోటు అనొచ్చు, దాన్ని ముందే తెరిచినవాళ్ల తరఫున వర్డ్ అనొచ్చు, రాసినవాళ్లు కోరి పెట్టుకుని ఉండొచ్చు. ఎవరన్నారో తెలియకుండా ప్రాపర్టీస్‌లో టిక్కు కోసం వెతకడమంటే, తాళం వేసింది పక్కింటాయన అయితే మన బీరువాలో తాళంచెవి వెతుక్కోవడమే. మీ కొలీగ్ చెప్పింది తప్పు వైద్యం కాదు, వేరే జబ్బుకి వైద్యం.

మొదటి రోజు జరిగింది ఇదీ. మెయిల్లో అటాచ్‌మెంట్ మీద డబుల్ క్లిక్ చేయగానే అవుట్‌లుక్ దాని కాపీ ఒకటి తీసి, విండోస్ లోలోపల, మామూలుగా కంటికి కనబడని ఒక తాత్కాలిక ఫోల్డర్లో పడేస్తుంది. వర్డ్ తెరిచేది ఆ కాపీని. ఆ ఫోల్డరు చిత్తుకాగితాల బుట్టలాంటిది, ఎప్పుడు ఖాళీ అవుతుందో మన చేతిలో లేదు. అక్కడే సేవ్ చేయనిస్తే మీరు 'సేవ్ అయింది' అనుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్తారు, వారం తర్వాత అది ఉండదు. అందుకే 'ఇందులో రాయను, వేరే చోటు చూపించు' అని సేవ్ యాజ్ విండో తెరుస్తుంది. మీరు కంగారుపడ్డ విండో అదే. నిజానికి అప్పుడు అది మీకు సాయం చేయబోయింది. మాట తీరే బాగోలేదు.

ఆ పసుపు పట్టీ సంగతి వేరు. ఆఫీస్ 2010 నుంచి ప్రొటెక్టెడ్ వ్యూ అని ఒకటి పెట్టారు. ఇంటర్నెట్ నుంచో మెయిల్ నుంచో వచ్చిన ఫైలులో వైరస్ లాంటిది ఉంటే అది మిగతా కంప్యూటర్ని అంటుకోకుండా, గాజు అద్దం వెనక పెట్టి చూపించినట్టు చూపిస్తుంది. ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కితే ఆ అద్దం తీసేస్తుంది, అంతే. దిద్దుకోనిస్తానన్న హామీ అది, దాచుకోనిస్తానని కాదు. మీరూ, మీలాంటి లక్షలమందీ ఆ బొత్తాం నొక్కి 'ఇక అంతా సవ్యం' అనుకోవడంలో వింతేమీ లేదు. అదే క్షణంలో పైన టైటిల్ పట్టీలో ఫైలు పేరు పక్కన రీడ్ ఓన్లీ అని సన్నగా రాసే ఉంటుంది. ఎవరు చూస్తారు చెప్పండి! కళ్లన్నీ కాగితం మీద ఉంటాయి.

కాబట్టి మెయిల్లో వచ్చిన ఫైలుకి అలవాటు ఒక్కటే. తెరవకముందే దానిమీద రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ కొట్టి, మీ డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్లో పెట్టుకుని, అక్కణ్నుంచి తెరవండి. మర్చిపోయి మెయిల్లోంచే తెరిచేశారా, మొదటి వాక్యం కొట్టకముందే ఎఫ్12 నొక్కండి, సేవ్ యాజ్ నేరుగా వస్తుంది. పెట్టే చోటు చూసుకుని, పేరులో తేదీ కలిపి, సేవ్ చేసి, అప్పుడు మొదలుపెట్టండి.

ఇక మీ కొలీగ్ చెప్పిన టిక్కు. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద రీడ్ ఓన్లీ అని చిన్న గడి. విండోస్‌కి ముందున్న డాస్ రోజుల నుంచి వస్తున్న గుర్తు అది. టిక్కు ఉంటే నోట్‌ప్యాడ్ అయినా వర్డ్ అయినా దానిమీద రాయవు, కొత్త పేరు అడుగుతాయి. టిక్కు తీస్తే రాస్తాయి. తాళం అనుకుంటారు గానీ అది గడియ మాత్రమే, ఎవరైనా తీయొచ్చు. పాత విండోస్‌లలో సీడీ నుంచి కాపీ చేసిన ప్రతి ఫైలుకీ ఈ టిక్కు అంటుకుని వచ్చేది. ఆ రోజుల్లో పని నేర్చుకున్నవాళ్లందరికీ మీ కొలీగ్‌లా మొదట ఇదే గుర్తొస్తుంది, నాకూ అంతే. ఫ్లాపీల కాలంలో అయితే ఇంకా తమాషా. పెద్ద ఫ్లాపీకి పక్కన ఒక గంటు ఉండేది, దానిమీద స్టిక్కరు అంటిస్తే రాయడం ఆగిపోయేది. తర్వాత వచ్చిన మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలలో చిన్న కన్నం, అది తెరిచి ఉంటే రాయడం ఆగేది. ఒకదానికి మూస్తే రక్షణ, ఇంకోదానికి తెరిస్తే రక్షణ. రెండూ వాడేచోట మతిపోయేది.

అన్నట్టు, ఫోల్డరు ప్రాపర్టీస్‌లో ఇదే గడిలో నల్లని చతురస్రం కనబడితే బెంబేలెత్తకండి. దాని అర్థం ఫోల్డర్లో రాయకూడదని కాదు. అది తీసి, మళ్లీ చూస్తే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దానితో కుస్తీ పట్టి సాయంత్రాలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

రెండో రోజు మీకు అడ్డొచ్చిన 'యూజర్' దగ్గరకు వద్దాం. వర్డ్ ఏదైనా ఫైలు తెరవగానే అదే ఫోల్డర్లో ఒక బుల్లి ఫైలు పుట్టిస్తుంది. పేరు దాదాపు మీ ఫైలు పేరే, మొదటి రెండు అక్షరాల బదులు ఒక అలగీత, ఒక డాలరు గుర్తు, అంటే ~$ ఉంటాయి. సాధారణంగా 162 బైట్లు, ఈ పేరాలో నాలుగో వంతు కూడా ఉండదు. అందులో ఉండేదల్లా ఫైలు తెరిచిన వాళ్ల పేరు. బస్సు సీటు మీద రుమాలు వేయడం లాంటిది. ఇంకొకరు అదే ఫైలు తెరవబోతే వర్డ్ ఆ రుమాలు చూసి, 'ఫలానా వారు కూర్చున్నారు, కావాలంటే చదువుకో' అంటుంది. ఫైలు పద్ధతిగా మూసినప్పుడు రుమాలు తానే తీసేస్తుంది. కానీ మీకు కరెంటు పోయింది. మనిషి దిగిపోయాడు, రుమాలు అక్కడే ఉండిపోయింది.

ఆ 'యూజర్' ఎవరో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చాలా మటుకు మీరే! కంప్యూటర్ అమ్మినవాళ్లు ఆఫీస్ వేసేటప్పుడు పేరు అడిగిన చోట యూజర్ అనో, అడ్మిన్ అనో కొట్టేసి వెళ్లిపోతారు. వర్డ్ దృష్టిలో మీ పేరు అదే.

తీసేయడం తేలికే, కానీ వరస తప్పొద్దు. ముందు షేర్డ్ ఫోల్డర్ వాడే మిగతావాళ్లని ఒక్కమాట అడగండి, నిజంగానే ఎవరైనా తెరిచి ఉంచారేమోనని. లేదన్నాక వర్డ్ పూర్తిగా మూసేయండి. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే టాస్క్ మేనేజర్లో వర్డ్ ఇంకా కనిపిస్తుంటే అక్కడా ఆపండి. ఫోల్డర్లో వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్కు పెడితే ఆ ~$ ఫైలు లేత రంగులో కనిపిస్తుంది. దాన్ని, దాన్నొక్కదాన్నే డిలీట్ చేయండి. ఎవరో నిజంగా పనిచేస్తుండగా తీస్తే ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నట్టవుతుంది, అందుకే ముందు అడగమంటున్నాను. ఫోల్డర్ విండోలో కుడిపక్క ప్రివ్యూ తెరిచి ఉంటే అది కూడా ఒక్కోసారి ఫైలుని పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని మూసి చూడండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి వర్డ్ సేవ్ చేసే తీరు చెప్పాలి. చాలామంది అనుకునేది, పాత ఫైలు మీదే కొత్త మాటలు రాస్తుందని. కాదు. అదే ఫోల్డర్లో పక్కన ఇంకో తాత్కాలిక ఫైలులో అంతా కొత్తగా రాస్తుంది. రాయడం పూర్తయ్యాక పాతదాన్ని తప్పించి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరకుండా మిగులుతుందని ఈ ఏర్పాటు. మన ఊళ్ల కరెంటుకి సరిగ్గా సరిపోయే తెలివి. అయితే దీనికో చిక్కుంది. ఫైలుని మార్చే అనుమతి ఉంటే చాలదు, ఆ ఫోల్డర్లో కొత్త ఫైలు పుట్టించే, పాతది తీసేసే అనుమతి కూడా ఉండాలి. కాలేజీ సర్వర్ పెట్టినాయన మీకు ఫైలు వరకే హక్కిచ్చి, ఫోల్డరు మీద ఇవ్వకపోతే వర్డ్ సేవ్ చేయలేదు. ప్రాపర్టీస్‌లో టిక్కు ఉండదు, ఎవరూ తెరిచి ఉండరు, అయినా రాయదు. అలాంటప్పుడు మీరు చేయగలిగింది లేదు, ఆయనకి ఫోన్ చేయడమే.

ఆఫీస్ సబ్‌స్క్రిప్షన్ గడువు అయిపోయినా ఇదే అనుభవం, చదవొచ్చు, ప్రింటు తీయొచ్చు, దిద్దలేరు. అప్పుడు ఏ ఫైలు తెరిచినా అంతే కాబట్టి కనిపెట్టడం కష్టం కాదు.

ఇక రాసినవాళ్లే వద్దనడం. మార్క్ యాజ్ ఫైనల్ అని ఒకటుంది, 'ఇది తుదిప్రతి, ముట్టుకోకండి' అని. పైన పట్టీలో ఎడిట్ ఎనీవే అనే బొత్తాం కూడా ఉంటుంది, నొక్కితే వదిలేస్తుంది. ఆల్వేస్ ఓపెన్ రీడ్ ఓన్లీ పెడితే తెరిచేటప్పుడు 'రీడ్ ఓన్లీగా తెరవనా' అని మర్యాదగా అడుగుతుంది. మార్చడానికి పాస్‌వర్డ్ పెట్టడం ఇంకో మెట్టు. మొదటి రెంటినీ దాటడం చిటికెలో పని. కానీ దాటే ముందు ప్రిన్సిపాల్ గారిని అడగండి, ఆ తుదిప్రతి యాజమాన్యానికి ఇప్పటికే పంపేసి ఉంటే మీరు దిద్దింది రేపు ఇంకో తలనొప్పి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, టైపు చేయనివ్వడం ఎందుకని. దీనిమీద సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. వర్డ్ లాంటి పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో రీడ్ ఓన్లీ ఫైలు తెరిస్తే పైన పట్టీలో ఆ మాట చెప్పి, ఒక్క అక్షరం కూడా పడనివ్వదు. ఎడిట్ డాక్యుమెంట్ నొక్కితే, రాయడానికి వీల్లేని ఫైలైతే 'కాపీని దిద్దుతారా' అని అప్పుడే అడుగుతుంది. మీరు దానిలో తెరిచి ఉంటే మొదటి నిమిషంలోనే తేలిపోయేది. గూగుల్ డాక్స్‌లో అసలు సేవ్ బొత్తామే లేదు. చూడ్డానికి మాత్రమే అనుమతి ఉంటే కర్సరు పెట్టి ఎంత కొట్టినా ఏమీ పడదు, కావాలంటే మేక్ ఎ కాపీ. వర్డ్ మాత్రం 'రాసుకో, తర్వాత చూద్దాం' అంటుంది.

అలా అనడానికి కారణం లేకపోలేదు. 2000ల మొదట్లో నేను విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేవాణ్ని. తెలుగు పనంతా పేజ్‌మేకర్లో, అద్దె అగ్రిమెంట్లు వర్డ్‌లో. ఒక నమూనా ఉండేది, పేర్లు మార్చడం, సేవ్ యాజ్ కొట్టడం, ప్రింటు తీయడం. ఒకరోజు తొందరలో సేవ్ యాజ్ బదులు సేవ్ కొట్టాను. నమూనాలోకి ఎవరి పేరో ఎక్కి కూర్చుంది. తర్వాత వచ్చినాయన అగ్రిమెంటులో మొదటి పేజీలో పేరు మార్చాను గానీ మూడో పేజీలో పాతాయన అలాగే ఉండిపోయాడు. స్టాంపు పేపరు మీద ప్రింటు తీశాక గానీ ఎవరూ చూడలేదు. స్టాంపు డబ్బు నా జీతంలో పోయింది. ఆరోజే ఆ నమూనాకి రీడ్ ఓన్లీ టిక్కు పెట్టాను. అప్పటినుంచి పేర్లు మార్చుకోనిచ్చేది, ప్రింటు తీసుకోనిచ్చేది, సేవ్ కొడితే మాత్రం 'వేరే పేరు చెప్పు' అనేది. లిబ్రేఆఫీస్ పద్ధతిలో అయితే ప్రతి కస్టమరుకీ ముందు ఒక కాపీ చేసుకోవాల్సి వచ్చేది. ఇలాంటి పనులకు వర్డ్ తీరే సుఖం.

అయినా ఈ విషయంలో నేను మీ పక్షమే. రాయనివ్వడం తప్పు కాదు, ముందు నోరు విప్పకపోవడం తప్పు. ప్రోగ్రామర్లు వాడే విమ్ అనే పాత ఎడిటర్ ఉంది, చూడ్డానికి ముళ్లకంపలా ఉంటుంది. అందులో రీడ్ ఓన్లీ ఫైలు తెరిచి మొదటి అక్షరం కొట్టగానే 'రీడ్ ఓన్లీ ఫైలుని మారుస్తున్నావ్' అని ఒక్క హెచ్చరిక వేస్తుంది, తర్వాత మన ఇష్టం. వర్డ్ కూడా అంతపని చేస్తే మీ మూడు గంటల టెన్షన్ ఉండేది కాదు. కాబట్టి తప్పు వాటా వేస్తే ముప్పావు వంతు దానిది, పావు వంతు కంగారుది.

ఇక మిగిలింది రెండు చిన్న పనులు. దొరికిన 14 పేజీల ఫైలుకి 002 తోక తీసి, మంచి పేరు పెట్టి, ప్రిన్సిపాల్ గారికి పంపేటప్పుడు 'మీరు పంపినది కాదండీ, ఇది చూడండి' అని ఒక్క ముక్క రాయండి. లేకపోతే ఆయన తన దగ్గరున్న పాతదే దిద్దుకుంటూ కూర్చుంటారు. రెండోది, వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లో యూజర్ నేమ్ అని ఉన్నచోట మీ పేరు రాసుకోండి. పక్క టేబుల్ వాళ్లనీ రాసుకోమనండి. ఈసారి లాక్ పడితే కనీసం ఎవర్ని పిలవాలో తెలుస్తుంది.